ఏడు గుండ్ల ఊపిరి

పద్మారావు నగర్‌లోని ఆ స్కానింగ్ సెంటర్‌లో, మెట్లు దిగి వెళితే, నేల కింద ఒక గది ఉంది. ఆ గదిలో ఉన్నది నిద్రపోదు. కరెంటు పోతే లిఫ్టు ఆగుతుంది, పైన రిసెప్షన్‌లో టీవీ ఆగుతుంది. అది మాత్రం ఆగదు. కరెంటు ఉన్నా లేకపోయినా, మనిషి ఉన్నా లేకపోయినా, పండగైనా సెలవైనా అది లాగుతూనే ఉంటుంది. గుమ్మంలో తాళంచెవుల గుత్తి పట్టుకుని నిలబడితే, ఆ గుత్తి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మెల్లగా లేచి గదివైపు తిరుగుతుంది. నమ్మనివాళ్లకు బ్రహ్మచారి ఆ సంగతి చూపించేవాడు. చూశాక వాళ్లు రెండడుగులు వెనక్కు వేసేవాళ్లు.

పేరు బ్రహ్మచారే గానీ ఆయనకు పెళ్లయి అప్పటికే ముప్పై ఏళ్లు. భార్య లచ్చమ్మ. కులవృత్తి బంగారం పని. రెజిమెంటల్ బజార్ సందులో తాతలనాటి కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టం నోట పెట్టుకుని, తిరుమలగిరి మిలిటరీ ఇళ్ల ఆడవాళ్ల దగ్గర్నుంచి మోండా మార్కెట్ కూరగాయలమ్మే వాళ్ల దాకా అందరికీ పుస్తెలు, కమ్మలు, ముక్కుపుడకలు చేసిపెట్టిన చెయ్యి అది. ఈలోపు ఊరికి కంప్యూటర్ల యోగం పట్టింది. అద్దాల షోరూములు వచ్చాయి. మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకున్న పిల్లలు ఏసీలో నిలబడి, మిషన్ కోసిన గొలుసులు కొనుక్కుని పోవడం మొదలుపెట్టారు. వాళ్లను తిట్టాలని నాకూ ఉంది గానీ, ఆ గొలుసులు నిజంగానే బాగుండేవి. బ్రహ్మచారే ఒప్పుకునేవాడు. రెండువేల మూడులో, నలభై తొమ్మిదో ఏట, ఆయన కుంపటిలో నీళ్లు చల్లి ఈ నేల కింద గదికి అటెండర్‌గా వచ్చాడు.

ఏం పని వచ్చు అని మేనేజర్ అడిగితే "నగలు పెట్టుడు వచ్చు సార్" అన్నాడట. "ఇక్కడ తీసే పని" అన్నాడట మేనేజర్. అన్నట్టే అయింది. ముప్పై ఏళ్లు ఆడవాళ్ల ఒంటిమీదికి నగలెక్కించినవాడు మిగతా బతుకంతా వాటిని దింపుతూ గడిపాడు. అక్కడున్నది ఎమ్మారై మిషన్, అంటే పెద్ద అయస్కాంతం. ఆ గదిలోకి ఒంటిమీద లోహంతో ఎవరూ పోకూడదు. ఇరవై ఏళ్లుగా కదలని ముక్కుపుడక మరను నొప్పి తెలియకుండా తిప్పేవాడు. వాచిన వేళ్లకున్న మెట్టెలను సబ్బునీళ్లతో, దారంతో లాగేవాడు. పుస్తెలతాడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంత రోగంలో ఉన్నావిడైనా చెయ్యి అడ్డం పెట్టేది. "నేను చస్తేనే తియ్యాలె" అనేది. బ్రహ్మచారి వాదించేవాడు కాదు. జేబులోంచి పసుపు దారం, పసుపుకొమ్ము తీసి ముందు అది కట్టించేవాడు. అది మెడలో పడ్డాకే ఇది తీయించేవాడు. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండనిచ్చేవాడు కాదు. ఆ సెంటర్‌లో స్కానింగ్‌కు ఒప్పుకోని ఆడమనిషి లేదంటే, అది డాక్టర్ల గొప్ప కాదు, చారిగారి పసుపుకొమ్ము గొప్ప.

ఇంకో సంగతి కూడా ఉంది. బంగారాన్ని అయస్కాంతం లాగదు. ఆడవాళ్లు తీసిచ్చిన గొలుసు చేతిలో పట్టుకుని ఆయన తలుపు దగ్గరికి వస్తే, అప్పుడప్పుడు ఒక గొలుసు మెల్లగా లేచేది. అది బంగారం కాదని ఆయనకు తెలిసిపోయేది. కట్టినవాడికి తెలుసో లేదో, కట్టించుకున్నావిడకు తెలియదు. బ్రహ్మచారి దాన్ని గుప్పిట్లో గట్టిగా బిగించి, డబ్బాలో పెట్టి, మళ్లీ తీసిచ్చేటప్పుడు "మంచి బంగారమమ్మా, పైలంగ పెట్టుకో" అనేవాడు. ఐదేళ్లలో అలాంటివి తొమ్మిది. ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

లోపలికి పోయేముందు దాదాపు అందరూ ఒకటే అడిగేవాళ్లు. "లోపట ఎవలన్న ఉంటరా?"

"ఎవ్వలుండరమ్మా. మిషనే" అనేవాడు.

*

చేరిన నెలలోనే ఆయన గొంతు ఆ మిషన్‌లోకి వెళ్లింది.

ఛాతీ బొమ్మ తీసేటప్పుడు మనిషి ఊపిరి బిగపట్టాలి. లేకపోతే బొమ్మ చెదిరిపోతుంది. ఎప్పుడు పీల్చాలో ఎప్పుడు ఆపాలో చెప్పడానికి మిషన్‌తోపాటే ఒక దొరసాని గొంతు వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు మెదక్ నుంచి వచ్చిన ముసలాయనకు ఏమర్థమవుతుంది? ఆవిడ పీల్చమన్నప్పుడు ఆయన వదిలేవాడు, వదలమన్నప్పుడు "ఏందమ్మా" అని లేచి కూర్చోబోయి నుదురు కొట్టుకునేవాడు. మిషన్ నడిపే టెక్నీషియన్ పైడిబాబుది విజయనగరం వైపు. ముప్పై ఏళ్లవాడు, పనిమంతుడు. మొదట తన గొంతే రికార్డు చేసి పెట్టాడు గానీ, అతని మాట పరుగు. పేషెంట్లకు అందలేదు.

"చారిగారూ, మీరు నిమ్మళంగా మాటాడతారు గదా, మీరే చెప్పీయండి" అన్నాడు ఒక మధ్యాహ్నం, మైకు ముందు పెట్టి. "గాలి తీసుకోమనండి. మొత్తం వదిలీమనండి. అలాగే ఆగమనండి. ఇరవై సెకన్లు దాటాక మళ్లీ తీసుకోమనండి."

"సెకండ్లు నాకెట్ల తెలుస్తయ్ బాబూ?"

"మీకు తెలిసిన లెక్క ఏదో ఒకటి ఉంటాది గదా."

ఉంది. కమ్మకు గుండ్లు పేర్చే లెక్క. ఆవగింజలో సగం ఉండే బంగారు గుండ్లు. అతుకు కోసం వెలిగారం రాసిన రేకు మీద చిమ్టాతో ఒక్కొక్కటే పెట్టాలి. ముక్కులోంచి గాలి తగిలితే అన్నీ చెదిరిపోతాయి. నిండు ఛాతీతో చెయ్యి వణుకుతుంది, అందుకని గాలంతా వదిలేసి, ఖాళీ ఛాతీతో పేర్చాలి. పువ్వుకు ఏడు గుండ్లు. ఏడూ కూర్చున్నాకే ఊపిరి. ఇది ఆయనకు పన్నెండో ఏట తండ్రి నేర్పాడు.

బ్రహ్మచారి కళ్లు మూసుకున్నాడు. "గాలి తీసుకోండ్రి. ఇప్పుడు మొత్తం వదలుండ్రి. గట్లనే ఆగుండ్రి" అన్నాడు. పెదాలు బిగించి, మనసులో ఏడు గుండ్లూ పేర్చాడు. పేర్చి "ఇంక గాలి తీసుకోండ్రి" అన్నాడు. పైడిబాబు గడియారం చూశాడు. ఇరవై రెండు సెకన్లు. మళ్లీ చెప్పించలేదు. అదంతా ఒకే ముక్కగా కంప్యూటర్‌లో దాచి, ఛాతీ తీసిన ప్రతిసారీ అదే వేశాడు.

ఇంటికొచ్చి చెప్తే లచ్చమ్మ ముఖం మాడ్చుకుంది. "గొంతు తీస్కపోయి గా పాతాళంల పెట్టొచ్చినవా? ఎవలన్న జేస్తరా గిట్ల?"

"గొంతు నాతాన్నే ఉన్నది గదనే. అది ఉత్త రికార్డు."

"ఒకనాడు నిన్నే పిలుస్తది సూడు" అంది. ఆమె తల్లిగారి ఊళ్లో ఒక పట్టింపు ఉంది. మనిషి కనబడకుండా గొంతు వినిపిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు, రెండో పిలుపుకూ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే మనవాళ్లు. మనవి కానివి మూడుమాట్లు పిలవలేవు. "పిలిస్తే మూడుమాట్ల దాక పల్కకు" అని భర్త చేత ఒట్టు వేయించుకుంది. ఆయన నవ్వుతూనే వేశాడు.

తర్వాత ఐదేళ్లలో ఆయన గొంతు కొన్నివేల మందికి ఊపిరి ఆపమని చెప్పింది. బయట బల్లమీద కూర్చుని పసుపు దారాలు పేనుకుంటూ, గోడ అవతల తన మాట తనకే వినిపిస్తుంటే ఆయన పట్టించుకోవడం మానేశాడు. ఒకటే ఒకసారి ఒళ్లు జలదరించింది. వీరరాఘవమ్మ అని డెబ్బై ఏళ్లావిడ బయటికొచ్చి, మెట్టెలు పెట్టించుకుంటూ అంది: "ఎవరూ ఉండరన్నావు గదా నాయనా. మరి లోపల లెక్కపెట్టిందెవరు?"

"లెక్కవెట్టుడేందమ్మా?"

"నా వల్ల కాదనుకున్నప్పుడు చెవి దగ్గరే చెప్పాడు, ఇంకెన్ని ఉన్నాయో. మంచివాడు."

మత్తులో అలా అనిపిస్తుందనుకుందామంటే ఆవిడకు మత్తు ఇవ్వలేదు. బ్రహ్మచారి ఆ మాట పైడిబాబుకు చెప్పలేదు, లచ్చమ్మకు అసలే చెప్పలేదు.

*

రెండువేల ఎనిమిది వానాకాలంలో ఆయనకు ఎడమ భుజం నొప్పి పట్టుకుంది. నూనె రాసింది లచ్చమ్మ. తగ్గలేదు. దగ్గు మొదలైంది, చొక్కా వదులైంది. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి పైకొసన తెల్లగా ఒక ముద్ద కనిపించింది. సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. బీడీలు తాగేవాడివా అని అడిగారు. ఎప్పుడూ తాగలేదు. ముప్పై ఏళ్లు బొగ్గులమీద ఊదాడు. అది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆపరేషన్ చేసే డాక్టర్ విజయేందర్ మాట దాచే మనిషి కాదు. సీటీ ఫిల్మును లైటుకు పెట్టి పక్కటెముక దగ్గర వేలితో చూపించాడు. "చారీ, గడ్డ ఈడ పక్కబొక్కకు ఆనుకున్నది. ఉత్తగ ఆనుకున్నదా, అతుక్కున్నదా, ఇండ్ల తెలుస్తలేదు. ఆనుకుంటే నేను కోసి తీసేస్త. అతుక్కొని నరాలల్లకు పోతే కత్తి పెట్టుడు దండగ, నీకు తక్లీఫ్ తప్ప ఫాయిదా లేదు."

"ఎట్ల తెలుస్తది సార్?"

"మీ మిషన్ల తెలుస్తది. నిండ గాలి పీల్చినప్పుడు ఒక బొమ్మ, మొత్తం వదిలినంక ఒక బొమ్మ. రెండు పక్కపక్కన పెట్టి చూస్త. గడ్డ బొక్క మీద జారితే అతకలేదన్నట్టు. కానీ సాఫ్‌గ రావాలె. కదిలినవంటే నాకేం కనవడది. అనుమానం ఉంటే నేను కత్తి పట్ట."

ఎదురుగా కూర్చున్న లచ్చమ్మకు వైద్యం సంగతులు తెలియకపోయినా ఇది మొత్తం అర్థమైంది. తన భర్త ప్రాణం ఇరవై రెండు సెకన్ల మీద ఉంది. ఆ ఇరవై రెండూ ఆయన తనే పెట్టుకున్నవి.

మర్నాడు పదకొండింటికి బ్రహ్మచారి తన గదికి తానే పేషెంట్‌గా దిగాడు. ఉంగరం తీశాడు. వెండి బిళ్ల ఉన్న మొలతాడు తెంపాడు. మగవాళ్లకు పసుపుకొమ్ము కట్టడం ఎక్కడా లేదు, అయినా లచ్చమ్మ ఆయన జేబులోని దారమే తీసి ఆయన మణికట్టుకు కట్టింది. ఎందుకు కట్టావని ఆయన అడగలేదు. పైడిబాబు ఫారం పట్టుకుని, వేలసార్లు చారిగారు అడగగా విన్న ప్రశ్నలన్నీ ఇప్పుడు చారిగారినే అడగాల్సి వచ్చి, సగంలో ఆపేసి, మిగతావి అడక్కుండానే టిక్కులు పెట్టేశాడు.

లోపల చలి. బల్ల కదిలి ఆయన్ని గొట్టంలోకి తీసుకుపోయింది. ముక్కుకు జానెడు పైన తెల్లటి కప్పు. చెవులకు హెడ్‌ఫోన్. పైడిబాబు మైకులో చెప్పి, నిండు ఊపిరి బొమ్మ మొదటిసారికే తీశాడు. "బాగా వచ్చింది చారిగారూ. ఇంక రెండోదే. మీ రికార్డే వేస్తన్నాను."

అప్పుడు ఆయన గొంతు ఆయన్ని పిలిచింది.

"గాలి తీసుకోండ్రి."

ఐదేళ్ల కిందటి గొంతు. నిండుగా, నింపాదిగా, ఏ రోగమూ లేని గొంతు. ఎవడో ఆరోగ్యవంతుడు తన చెవిలో కూర్చుని తనకు హుకుం ఇస్తున్నాడు. బ్రహ్మచారికి భయం వేసింది. లచ్చమ్మ వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చింది. "మొత్తం వదలుండ్రి" అంది గొంతు. వదిలాడు. "గట్లనే ఆగుండ్రి." మిషన్ దడదడలు మొదలయ్యాయి. కళ్లు మూసుకుని గుండ్లు పేర్చడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడోది చిమ్టాలోంచి జారినట్టయింది. ఛాతీ దానంతటదే ఎగిసి గాలి మింగింది.

"పరవాలేదండి, మళ్లీ" అన్నాడు పైడిబాబు.

రెండోసారి నాలుగు దాకా వచ్చాడు. ఐదోది పెట్టబోతుంటే దగ్గు తన్నుకొచ్చింది. ఒళ్లంతా కదిలిపోయింది. పైడిబాబు ఆ బొమ్మ కూడా పక్కన పడేశాడు. తర్వాత, "చారిగారూ, పది సెకన్లకు తగ్గించీమంటారా? బొమ్మ కొంచెం మసగ్గా వస్తాది" అన్నాడు.

"మసక అయితే డాక్టర్ కోయడు."

"మరేటి చేద్దారి?"

"ఇంకొక్కపారి వెయ్యి. మూడోది."

మూడోసారి తన గొంతు పిలిస్తే బ్రహ్మచారి పలికాడు. అంటే, పలికినట్టే, మనసులో "వస్తున్న" అనుకున్నాడు. గాలి తీసుకున్నాడు. అడుగంటా వదిలాడు. ఆగాడు. దడదడలు. ఒకటి, రెండు, మూడు. భుజంలో నిప్పు. నాలుగు. కళ్ల ముందు నల్లటి చుక్కలు. ఐదోది పెట్టాడు, చెయ్యి ఇక లేవడం లేదు, ఛాతీలో ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నారు. అయిపోయింది, ఇంక పీల్చేస్తాను, పీల్చేస్తే కోయరు, లచ్చమ్మ బయట కూర్చుని ఉంది అనుకున్నాడు.

"ఇంక రెండే ఉన్నయ్."

చెవిలోపలే. అంత మోతలోనూ స్పష్టంగా. తన గొంతు కాదు. ఎవరిదో బొంగురు గొంతు, నడవలేక నడిచొచ్చిన మనిషి చెప్పినట్టు. బెదిరింపు లేదు అందులో. ఆయన ఆరోది పెట్టాడు. ఏడోది పెట్టాడు.

"ఇంక గాలి తీసుకోండ్రి" అంది ఆయన పాత గొంతు.

బల్ల బయటికి రాగానే ఆయన మొదట అడిగింది బొమ్మ గురించి కాదు. "మైకుల చెప్పినవా, రెండే ఉన్నయని?"

"నేనా? నేను మైకు ముట్టుకోలేదండి. బొమ్మ వచ్చీసింది చారిగారూ, అద్దంలా వచ్చీసింది" అన్నాడు పైడిబాబు. చారిగారు చూడలేదనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

*

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాడు విజయేందర్. గడ్డ పక్కటెముక మీద గోరంత జారింది. ఆ గోరంత చాలన్నాడు. వారం తిరక్కుండా కోశాడు. ఎడమ ఊపిరితిత్తిలో పైభాగం తీసేశాడు. గడ్డ వచ్చేసింది. గొంతుకు పోయే సన్నని నరం ఒకటి ఆ పక్కనే ఉందట, అది దెబ్బతింది. పెద్దగా అరిచినా చిన్నగా మాట్లాడినా బ్రహ్మచారి గొంతు ఒకేలా, గాలి ఎక్కువ మాట తక్కువగా వచ్చేది. ఇంక ఇంతే అన్నారు. ప్రాణం దక్కినందుకు గొంతు ఇచ్చుకున్నామనుకో అంది లచ్చమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఆయన వైపు చూడలేదు. ముప్పై ఐదేళ్లు తనను పిలిచిన గొంతు మరి.

నాలుగు నెలలకు ఆయన మళ్లీ తలుపు దగ్గరి బల్లమీదికి వచ్చాడు. గోడ అవతలి నుంచి తన పాత గొంతు వినిపిస్తే ఈసారి పట్టించుకోకుండా ఉండటం చేతకాలేదు. అక్కడ నిండు మనిషి ఒకడు ఉన్నాడు, ఇక్కడ కూర్చున్నది వాడి మిగులు అనిపించేది. ఇంకో బాధ కూడా ఉండేది. ఆ ఏడు గుండ్ల ఊపిరి రోగిష్టి మనిషికి ఎంత పొడవో ఇప్పుడు ఆయనకు లోపల్నుంచి తెలుసు. ఇన్ని వేలమందిని తన మంచి ఊపిరితిత్తి కొలతతో కొలిచాడు.

ఒకరోజు మిషన్ బాగుచేయడానికి మనుషులొచ్చారు. పేషెంట్లు లేరు. బ్రహ్మచారి పైడిబాబు దగ్గరికి వెళ్లి, "నా రికార్డు జెర కోసెయ్యి బాబూ. ఏడు వద్దు. నాలుగు గుండ్లంత చాలు. పాపం ఆగలేకపోతున్నరు" అన్నాడు.

పైడిబాబు ఆ ఫైలు తెరిచాడు. తెరమీద ఆయన మాటలు గుట్టల్లాగా, మధ్యలో నిశ్శబ్దం సన్నని గీతలాగా కనిపించాయి. "ఇదిగో, ఇక్కడ కోసీవచ్చు" అంటూ దగ్గరికి చూసి ఆగాడు. గీత పూర్తిగా తిన్నగా లేదు. మూడొంతులు దాటాక ఒకచోట కొంచెం పైకి లేచింది. "ఏటిది?" అనుకుంటూ సౌండు మొత్తం పెంచి నొక్కాడు.

ముందు గాలి శబ్దం. తర్వాత, చాలా దూరం నుంచి: "ఇంక రెండే ఉన్నయ్."

పైడిబాబు బ్రహ్మచారి వైపు తిరిగాడు. "మీరు మాటాడినారా?"

"లే."

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. అప్పుడే లచ్చమ్మ అన్నం డబ్బా పట్టుకుని లోపలికొచ్చింది. ఆ మాట ఆమె కూడా విన్నది. డబ్బా బల్లమీద పెట్టి, "రెండేంది? ఏం రెండు?" అంది భర్తను.

"నేనేం అనలేదే."

"ఇప్పుడే అంటివి గద, నేను ఇనలేదా?"

"అది చారిగారు కాదమ్మా, కంప్యూటర్. పాత రికార్డు. రెండువేల మూడుది" అన్నాడు పైడిబాబు. తారీఖు కూడా చూపించాడు.

"పాతదెట్లయితది బిడ్డా?" అంది లచ్చమ్మ. "గిది ఇప్పటి గొంతు."

పైడిబాబు, "గుసగుసగా మాటాడితే ఎవరి గొంతైనా ఇలాగే ఉంటాదమ్మా. ఆ రోజు చారిగారు తెలీకుండా అనీసుంటారు" అన్నాడు. అన్నాడే గానీ మౌస్ మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బ్రహ్మచారికి ఆ మధ్యాహ్నం బాగా గుర్తుంది. కళ్లు మూసుకున్నాడు, పెదాలు బిగించాడు, గాలంతా వదిలేశాడు. ఖాళీ ఛాతీతో మనిషి మాట్లాడలేడు. మాట్లాడాలంటే గాలి కావాలి. పెదాలు కదిపి ఉంటే గుండ్లు చెదిరిపోయేవి. ఆయన ఒక్కమాట అనలేదు. అన్నవాడు వేరే ఎక్కడో, వేరే ఎప్పుడో ఉన్నాడు. వీరరాఘవమ్మకు చెప్పింది వాడే. ఐదేళ్లూ ఊపిరి అందనివాళ్లందరి పక్కనా కూర్చుని లెక్కపెట్టింది వాడే. చివరికి తనకు చెప్పింది కూడా.

"ఇంకొకపారి వెయ్యి. మూడోది" అన్నాడు. పైడిబాబుకు ఇష్టం లేకపోయినా వేశాడు. మూడోసారి. స్పీకర్‌లోంచి వచ్చిన గొంతూ, ఇప్పుడే వెయ్యమన్న గొంతూ ఒకటే.

లచ్చమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. భయపడుతుందనుకున్నారు ఇద్దరూ. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "మూడుమాట్లు పిలిచింది. మనోళ్లే" అంది.

"ఏటి చేయమంటారు చారిగారూ, కోసీమంటారా?"

"కోయకు" అన్నాడు బ్రహ్మచారి. "ఆగలేనోళ్లకు నువ్వు మైకుల చెప్పు, చిన్నగ. సాఫ్‌గ రావలసినోళ్లకు ఇదే వెయ్యి. గా రెండు లేకుంటే నేనీడ లేను."

మర్నాడు పొద్దున కాంతమణి అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుండవు. ఊపిరితిత్తిలో గడ్డ. అతుక్కుందో లేదో చూడమని రాసిచ్చారు. పుస్తెలతాడు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. బ్రహ్మచారి పసుపుకొమ్ము ఆమె చేతికిచ్చి కట్టుకోమన్నాడు. కట్టుకుని, తాడు తీసిచ్చి, చలిగా తెరుచుకున్న తలుపులోకి చూసి ఆగిపోయింది.

"లోపల ఎవరైనా ఉంటారా అండీ?"

ఎవ్వలుండరమ్మా, మిషనే, అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. ఐదేళ్ల అలవాటు. దాన్ని మింగి, ఆ బొంగురు గొంతుతోనే చెప్పాడు.

"నేనుంట తల్లీ. పో."